ఈటెలు పారేసిన రౌతులు: ఆరో పెన్సిల్వేనియా గుర్రపు దళం కథ

ఫిలడెల్ఫియా దగ్గర మన తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రానివాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం అండీ. వెనకాల వినబడుతోందా? సరే. మొదట ఒక ప్రశ్న. మీలో గెట్టిస్‌బర్గ్, అదే అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన ఊరు, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎంతమంది, ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా, వాషింగ్టన్, తర్వాత గెట్టిస్‌బర్గ్, మనకి అదో లిస్టు కదా. సరే, ఆ చేతులెత్తినవాళ్ళలో ఊరు దాటి దక్షిణంగా ఎమ్మిట్స్‌బర్గ్ రోడ్డు మీదకి వెళ్ళి, చుట్టూ ఈటెలు నిలబెట్టిన రాతి దిమ్మ ఒకటి ఉంటుంది, అది చూసినవాళ్ళు ఎంతమంది? ఒక్కరూ లేరు. నేనూ చూళ్ళేదండీ మొదటి నాలుగుసార్లు. అయిదోసారి దారి తప్పి అటు వెళ్ళాను. దిగి చూస్తే ఈటెలు! తుపాకుల యుద్ధంలో ఈటెలేంటి అని నాకు బుర్ర తిరిగింది. ఇవాళ్టి కథ అదే.

ఆ దళం పేరు ఆరో పెన్సిల్వేనియా గుర్రపు దళం. జనం నోట్లో పేరు వేరు, రష్ లాన్సర్స్, అంటే రష్ గారి ఈటె రౌతులు. పుట్టింది ఇక్కడే, ఫిలడెల్ఫియాలోనే, 1861లో.

1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం, సివిల్ వార్ అంటారే, అది మొదలైంది. బానిసత్వం ఉండాలన్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి, లింకన్ 75,000 మంది వాలంటీర్లు కావాలన్నాడు, అదీ 3 నెలలకి! 3 నెలల్లో తేలిపోతుందనుకున్నారు పాపం. అప్పటికి అమెరికాకి ఉన్న పర్మనెంట్ సైన్యం అంతా కలిపితే 16,000 మంది. మిగతాదంతా వాలంటీర్లే, అంటే రాష్ట్రం పోగుచేసి ఇచ్చిన దళాలు, అందుకే పేరులో పెన్సిల్వేనియా అని, మిషిగన్ అని ఉంటుంది. వాలంటీరు అన్నానని ఊరికే చేశారనుకోకండి, మామూలు సిపాయికి నెలకి 13 డాలర్లు జీతం.

ఇక్కడో సంగతి. మొదట్లో వాషింగ్టన్‌లో పెద్దలకి వాలంటీరు గుర్రపు దళాలంటే అసలు ఇష్టం లేదు. ఎందుకు? ఒకటి, గుర్రం మీంచి యుద్ధం చెయ్యడం నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు యుద్ధం అయిపోతుంది కదా అని. రెండోది ఖర్చు. మన సామెత ఉందిగా, గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అని. అక్కడ సైన్యం రూల్ ప్రకారం ఒక్కో గుర్రానికి రోజుకి 14 పౌన్ల ఎండుగడ్డి, 12 పౌన్ల గింజలు. వెయ్యి గుర్రాలున్న దళానికి లెక్కేసుకోండి, రోజుకి 26,000 పౌన్ల మేత! అది బళ్ళ మీద మోసుకెళ్ళాలి, ఆ బళ్ళు లాగే కంచర గాడిదలకి మళ్ళీ మేత. దక్షిణాది వాళ్ళు తెలివిగా ఎవడి గుర్రం వాడే తెచ్చుకోవాలన్నారు, దానికి రోజుకి 40 సెంట్లు అద్దె ఇచ్చేవారు. బానే ఉంది కానీ గుర్రం జబ్బు చేసి చస్తే ఇంకోటి వాడే వెతుక్కోవాలి, దొరక్కపోతే కాల్బలంలోకి పొమ్మనేవాళ్ళు. ఉత్తరాది వాళ్ళకి గుర్రం సర్కారుదే.

సరే, మన దళానికి వద్దాం. కల్నల్ పేరు రిచర్డ్ రష్. వాళ్ళ తాత బెంజమిన్ రష్, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన డాక్టరు గారు. రిచర్డ్ పుట్టడం మాత్రం లండన్‌లో, వాళ్ళ నాన్న అక్కడ అమెరికా రాయబారి. వెస్ట్ పాయింట్ మిలిటరీ కాలేజీలో 1846 బ్యాచ్. ఆ బ్యాచ్ సంగతి వినండి, తర్వాత ఉత్తరాది సర్వసేనాని అయిన మెక్లెల్లన్ అందులోనే, దక్షిణాది వైపు పోయిన స్టోన్‌వాల్ జాక్సన్ అందులోనే, క్లాసు మొత్తానికి లాస్టు ర్యాంకు పికెట్, గెట్టిస్‌బర్గ్‌లో దక్షిణాది వాళ్ళ పెద్ద దాడిని పికెట్ చార్జ్ అంటారే, ఆ పికెట్. మన ఇంజినీరింగ్ కాలేజీ బ్యాచ్ వాళ్ళు రెండు పార్టీల్లో ఎమ్మెల్యేలైతే ఎలా ఉంటుందో అలా, కాకపోతే ఇక్కడ కొట్టుకుంది ఫిరంగులతో.

రష్ తీసుకున్న ఆఫీసర్లు చాలామంది ఫిలడెల్ఫియా పెద్దిళ్ళ కుర్రాళ్ళు. క్లబ్బులు, వేట, స్వారీ అన్నీ తెలిసినవాళ్ళు. సిపాయిలు మామూలు జనం. ఈ పెద్దిళ్ళ వాళ్ళందరూ బానిసత్వానికి బద్ధ వ్యతిరేకులని నేను చెప్పను, అందులో రకరకాల వాళ్ళున్నారు. దేశం ముక్కలు కాకూడదని వచ్చినవాళ్ళు కొందరు, పరువు కోసం కొందరు. ఒక కుర్రాడున్నాడు, ఫ్రాంక్ ఫర్నెస్ అని, వాళ్ళ నాన్న చర్చిలో నిలబడి బానిసత్వం పాపం అని గట్టిగా చెప్పిన పాస్టరు. ఈ ఫర్నెస్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు ఈటె ఎక్కణ్ణుంచి వచ్చింది? మెక్లెల్లన్ దగ్గర్నుంచి. యుద్ధానికి ముందు 1855లో అమెరికా ప్రభుత్వం ఆయన్ని యూరప్ పంపింది, క్రిమియాలో యుద్ధం జరుగుతోంది, చూసి రమ్మని. అక్కడి గుర్రపు దళాలు చూసి ముచ్చటపడ్డాడు. వచ్చాక ఒక జీను కూడా డిజైన్ చేశాడు, మెక్లెల్లన్ జీను అని దశాబ్దాల పాటు సైన్యం అదే వాడింది, అది మాత్రం మంచి పని. ఆయనే ఇప్పుడు సర్వసేనాని, పాత క్లాస్‌మేట్ రష్ గుర్రపు దళం కడుతున్నాడు, నువ్వు మీవాళ్ళకి ఈటెలిస్తే ఎలా ఉంటుంది అన్నాడు. పై ఆఫీసరు ఎలా ఉంటుంది అంటే మనం ఏమంటాం? చాలా బావుంటుంది సార్ అంటాం.

ఆ ఈటె ఒకసారి కళ్ళముందు ఊహించుకోండి. పొడుగు 9 అడుగులు. ఆస్ట్రియా మోడల్. కర్ర నార్వే ఫర్ చెట్టుది. చివర 11 అంగుళాల ములుకు, మూడు అంచులది. బరువు అయిదు పౌన్లకి కొంచెం తక్కువ. ములుకు కింద ఎర్రటి జెండా గుడ్డ, చివర కత్తెరలా రెండుగా చీలి ఉంటుంది. ఎనిమిది వందల మంది రౌతులు వరసగా, మీద ఎర్ర గుడ్డలు రెపరెపలాడుతూ పోతుంటే ఎలా ఉండి ఉంటుందండీ? అద్భుతంగా ఉంటుంది! పరేడ్‌లో. ఫోటోకి. వాషింగ్టన్ వీధుల్లో.

మరి వర్జీనియాలో? మీరు రిచ్మండ్ వైపు కార్లో వెళ్ళేటప్పుడు పక్కకి చూశారా, చెట్లు, పొదలు, మళ్ళీ చెట్లు. పాత పొగాకు పొలాలు బీడుపడి సన్న పైను మొక్కలు దట్టంగా మొలిచేసి, మనిషి దూరడమే కష్టం, దాంట్లో 9 అడుగుల కర్ర పట్టుకుని గుర్రం మీద పోవాలి. పొలం దాటితే కర్ర కంచె. అది దాటితే వాగు. ఇంకా ముఖ్యమైంది, అవతలివాడి దగ్గర రైఫిల్ ఉంది, 300 గజాల నుంచి పడగొట్టేస్తాడు, నీ ఈటె అందేది 9 అడుగులు. గుర్రపు దళానికి నూటికి తొంభై పాళ్ళు పని ఏంటో తెలుసా? కాపలా. సైన్యం చుట్టూ రాత్రిళ్ళు గస్తీ తిరగడం. చీకట్లో ఏదో అలికిడైతే తుపాకీ పేల్చాలి, వెనకవాళ్ళు లేస్తారు. ఈటెతో ఏం పేలుస్తావు? అందుకని కంపెనీకి ఓ పది పన్నెండు కార్బైన్లు, అంటే పొట్టి తుపాకులు, సర్దారు. గస్తీకి వెళ్ళేవాడు అది తీసుకెళ్ళడం, వచ్చి ఇంకోడికి ఇవ్వడం. మన చిన్నప్పుడు ఇంట్లో ఒక్క గొడుగుంటే ఎవరు బయటికెళ్తే వాళ్ళు పట్టుకెళ్ళినట్టు.

మిగతా సిపాయిలు ఊరుకుంటారా? వీళ్ళకో పేరు పెట్టారు, టర్కీ కోళ్ళు తోలేవాళ్ళు అని. మాది గోదావరి పక్క ఊరండీ, నాకు ఇది చదవగానే నవ్వాగలేదు, ఎందుకంటే మావైపు కోతలయ్యాక బాతుల మందలు దిగుతాయి చేలల్లోకి, వాటిని తోలే మనిషి చేతిలో ఇంత పొడుగు గెడ, దాని చివర గుడ్డపేలిక. అచ్చం అదే! ఏడాదిన్నర పాటు ఎక్కడికెళ్ళినా ఈ ఎగతాళి పడ్డారు పాపం.

అలాగని ఈటెతో అసలు పోరాడలేదని కాదు. 1862 మే ఆఖర్న రిచ్మండ్‌కి ఉత్తరంగా హనోవర్ కోర్ట్ హౌస్ దగ్గర శత్రువు గస్తీ మీదకి ఈటెలు దించి ఉరికారు, వాళ్ళు పారిపోయారు. అలాంటి చిన్న చిన్నవి ఉన్నాయి. కానీ పెద్ద యుద్ధాన్ని ఈటె తిప్పిన రోజు ఒక్కటీ లేదు.

మాస్టారు ఏదో అంటున్నారు. ఆ, హైఫా! మంచి పాయింటు అండీ. 1918 సెప్టెంబరు 23న, పాలస్తీనాలో హైఫా ఊరిని మన జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు ఈటెలతోనే పట్టుకున్నారు, మెషిన్ గన్నులున్న శత్రువు మీద. మన హైదరాబాద్ లాన్సర్స్ కూడా అదే బ్రిగేడ్. ఢిల్లీలో తీన్ మూర్తి అంటారు చూడండి, ఆ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. అంటే మన కథ తర్వాత 55 ఏళ్ళకి కూడా ఈటె పనిచేసింది. అక్కడ బయలు ఉంది, అలసిపోయిన శత్రువు ఉన్నాడు, తరాల తరబడి ఈటె పట్టిన చేతులున్నాయి. కాబట్టి ఈటెది తప్పు కాదండీ. ఫిలడెల్ఫియా గుమస్తా చేతికి ఇచ్చి వర్జీనియా పొదల్లోకి పంపడం తప్పు.

1863 మేలో ఈటెలు తిరిగిచ్చేశారు. షార్ప్స్ కార్బైన్లు వచ్చాయి, వెనకనుంచి తూటా పెట్టే రకం, నిమిషానికి ఎనిమిది పది సార్లు పేల్చొచ్చు. అసలు దళం అప్పుడు మొదలైంది అంటాను నేను. కానీ తమాషా చూడండి, ఈటెలు పారేసిన కొన్నాళ్ళకే వాళ్ళు చేసింది పాతకాలపు పని, నేరుగా ఫిరంగుల మీదకి ఉరకడం.

1863 జూన్ 9. వర్జీనియాలో బ్రాండీ స్టేషన్. రెండు పక్కలా కలిపి సుమారు 20,000 మంది, ఎక్కువ భాగం గుర్రపు దళమే, ఈ ఖండంలో అంతకంటే పెద్ద గుర్రపు యుద్ధం జరగలేదు. దక్షిణాది గుర్రపు సేనాని జెబ్ స్టువర్ట్, టోపీకి ఈక పెట్టుకుని తిరిగే మనిషి, అంతకు ముందు రోజే అక్కడ పెద్ద పరేడ్ చేయించాడు. తెల్లారుజామున మసకలో ఉత్తరాది జనరల్ బ్యూఫోర్డ్ మనుషులు రాపహానాక్ నది దాటి వాళ్ళ మీద పడ్డారు. మనవాళ్ళు బ్యూఫోర్డ్ కిందే, పర్మనెంట్ సైన్యం దళాలతో కలిపి ఉన్న బ్రిగేడ్‌లో. అవతల సెయింట్ జేమ్స్ చర్చి పక్కన వరసగా ఫిరంగులు. మధ్యలో దాదాపు 800 గజాల బయలు పొలం. కత్తులు దూసి ఉరకమని ఆర్డరు.

800 గజాలంటే ఎంతండీ? బయట మన కార్లు పెట్టిన చోటు నుంచి మెయిన్ రోడ్డు సిగ్నల్ దాకా, ఇంకా పైనే. గుర్రం దౌడు తీస్తే నిమిషంన్నర. ఆ నిమిషంన్నర సేపు పక్కనుంచి ఫిరంగులు చిన్న చిన్న ఇనప గుళ్ళు కుమ్మరిస్తున్నాయి. దారిలో మూడు కందకాలు, దూరం నుంచి కనబడవు, గడ్డిలో ఉంటాయి. ముందు గుర్రం పడితే వెనకది దాని మీద, దాని వెనకది దాని మీద. అయినా కొందరు ఫిరంగుల దాకా వెళ్ళారు, వాటి మధ్యలోకి దూరారు కూడా. కానీ రెండు పక్కల నుంచి శత్రువు కమ్ముకుంటే వచ్చిన దారినే నరుక్కుంటూ వెనక్కి రావాలి, ఆ కందకాలే మళ్ళీ దాటాలి. మేజర్ రాబర్ట్ మోరిస్ గుర్రం పడిపోయింది, పట్టుబడ్డాడు. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్ ఉన్నాడే, ఆ వంశం వాడు. రిచ్మండ్‌లో లిబ్బీ జైలు, పాత పొగాకు గోదాము అది, అందులో పెట్టారు. ఆ ఆగస్టులోనే అక్కడ పోయాడు. తూటాకి కాదు, జబ్బుతో. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళలో మూడింట రెండొంతులు జబ్బులతోనే అండీ, ఇది మనం మర్చిపోతాం.

ఆ చార్జ్ వల్ల ఏం ఒరిగింది? ఫిరంగులు దక్కలేదు. సాయంత్రానికి ఉత్తరాదివాళ్ళు మళ్ళీ నది దాటి వెనక్కొచ్చేశారు. కానీ ఒకటి మారింది. అప్పటిదాకా కాల్బలం వాళ్ళు అనేవారు, చచ్చిన గుర్రపు సిపాయిని ఎవడైనా చూశాడా అని, అంటే వీళ్ళు పోరాడరు, తిరుగుతుంటారంతే అని. ఆ రోజు తర్వాత ఆ మాట చెల్లలేదు. బ్యూఫోర్డ్ అయితే ఈ వాలంటీర్లని మా ఏడో రెగ్యులర్లు అనేవాడట. పర్మనెంట్ సైన్యంలో గుర్రపు దళాలు ఆరే, వీళ్ళు ఏడోది అన్నమాట. కాంట్రాక్టు ఉద్యోగిని పట్టుకుని నువ్వు మా పర్మనెంట్‌వాడివే అంటే ఎంత సంతోషం!

గెట్టిస్‌బర్గ్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ వీళ్ళ పాత్ర చిన్నది. జూలై 3న మెరిట్ బ్రిగేడ్‌తో దక్షిణం వైపు నుంచి వచ్చి, గుర్రాలు దిగి, నడుస్తూ, కంచెల చాటు నుంచి జార్జియా వాళ్ళతో కాల్పులు. పికెట్ ఉరికింది కూడా ఆ మధ్యాహ్నమే. పికెట్ క్లాస్‌మేట్ గారి దళం అటు పక్కనే ఉందన్నమాట.

ఈ గుర్రం దిగడం గురించి మాత్రం చెప్పాలి, సినిమాల్లో చూపించరు ఇది. 1863, 64 నాటికి గుర్రపు దళం పోరాటం చాలావరకు కింద నిలబడే. గుర్రం త్వరగా తీసుకెళ్ళే వాహనం, అంతే. చోటు చేరాక నలుగురిలో ముగ్గురు దిగి కార్బైన్ పట్టుకుని ముందుకి పోతారు, నాలుగోవాడు నాలుగు గుర్రాల కళ్ళేలు పట్టుకుని వెనక ఉండాలి. అంటే లెక్కల్లో 400 మంది ఉంటే పోరాడేది 300. ఆ నాలుగోవాడి సంగతి ఆలోచించారా? ముందు స్నేహితులు పోతున్నారు, నువ్వు నాలుగు బెదిరిన గుర్రాలని పట్టుకుని నిలబడాలి, ఒక్కటి తెంచుకుపోతే ఒక మనిషి నడిచి వెనక్కి రావాలి, లేదా రాలేడు. ఆ నాలుగోవాళ్ళకి విగ్రహాలు ఎక్కడా నేను చూళ్ళేదు.

ఇక ట్రెవిలియన్ స్టేషన్. 1864 జూన్ 11, 12. ఉత్తరాది గుర్రపు సేనాని షెరిడాన్ తన దళాలని తీసుకుని వర్జీనియా సెంట్రల్ రైలు కట్ట పీకడానికి బయల్దేరాడు. అడ్డం వచ్చింది దక్షిణాది జనరల్ వేడ్ హాంప్టన్. మొదటి రోజు గెలుపే అనుకోండి, రెండో రోజు హాంప్టన్ మనుషులు కట్ట చాటున కూర్చున్నారు, వీళ్ళు గుర్రాలు దిగి బయల్లోంచి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం, మళ్ళీ మళ్ళీ వెనక్కి రావడం. జూన్ ఎండ. వేగంగా పేలే కార్బైన్‌తో ఒక చిక్కుంది, తూటాలు కూడా అంతే వేగంగా అయిపోతాయి. ముందు ఒక ఇంటి దగ్గర కొంతమంది ఇరుక్కుపోయారు, సంచుల్లో తూటాలు అడుగంటాయి. వాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య ఖాళీ నేల, దానిమీద శత్రువు గురి.

మన పాస్టరు గారబ్బాయి, కెప్టెన్ ఫ్రాంక్ ఫర్నెస్, అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు, ఎవరూ ఆర్డరు వెయ్యకుండా తూటాల పెట్టె ఎత్తుకుని ఆ ఖాళీ నేల దాటాడు. తూటాల పెట్టె అంటే సీసం అండీ, బియ్యం బస్తా మోసినట్టే, పరిగెత్తలేం కూడా. అందించాడు. వాళ్ళు నిలబడ్డారు. ఆ పెట్టె మోసినందుకు 1899లో, అంటే 35 ఏళ్ళ తర్వాత, మెడల్ ఆఫ్ ఆనర్, అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం, ఇచ్చారు. గవర్నమెంటు ఫైలు ఏ దేశంలో అయినా ఒకటే! రెండో రోజు యుద్ధం మాత్రం గెలవలేదు, ఆ రాత్రే షెరిడాన్ వెనక్కి తిరిగాడు. అంటే మనవాడు పెట్టె మోసింది ఓడిపోయిన రోజున.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. 3 ఏళ్ళ గడువు తీరి 1864 శరత్తులో చాలామంది ఇళ్ళకి పోయారు. మిగిలినవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు 1865 ఏప్రిల్లో అపొమాటాక్స్ దాకా వెళ్ళారు, దక్షిణాది సేనాని లీ లొంగిపోయింది అక్కడే. జూన్‌లో వీళ్ళని ఇంకో రెండు పెన్సిల్వేనియా దళాలతో కలిపేసి పేరు మార్చారు, ఆగస్టులో రద్దు చేశారు. అలా ఆరో దళం పేరు కాగితాల మీద అయిపోయింది.

ఫర్నెస్ ఇంటికొచ్చి ఏమయ్యాడో తెలుసా? ఆర్కిటెక్టు. మీరు సిటీ హాల్ దగ్గర బ్రాడ్ స్ట్రీట్ మీద ఎర్ర ఇటుక, రాయి కలిపి కోటలా ఉండే ఫైన్ ఆర్ట్స్ అకాడమీ చూసుంటారు, 1876లో తెరిచారు, అది కట్టించింది ఈయనే. పెన్ యూనివర్సిటీలో ఎర్రటి పాత లైబ్రరీ కూడా ఈయనదే, మన పిల్లలు కొంతమంది అందులో చదువుకుంటున్నారు. నిన్నమొన్నటిదాకా నేను ఆ బిల్డింగు ముందునుంచే ఆఫీసుకి పోయానండీ, పాతికేళ్ళు, కట్టినవాడెవడో ఎప్పుడూ అడగలేదు.

1888లో గెట్టిస్‌బర్గ్‌లో దళానికి స్మారకం కట్టాలనుకున్నారు. పాత సిపాయిలు ఎవర్ని అడుగుతారు? తమలోనే ఆర్కిటెక్టు ఉన్నాడుగా. ఆయనే గీశాడు. మధ్యలో రాతి దిమ్మ, చుట్టూ నిటారుగా ఈటెలు. నాకు బుర్ర తిరిగింది ఇందుకే. గెట్టిస్‌బర్గ్‌లో వాళ్ళ చేతుల్లో ఈటె లేదండీ! రెండు నెలల ముందే ఇచ్చేశారు. ఆ పొలంలో వాళ్ళు పేల్చింది కార్బైన్లు. ఫర్నెస్‌కి అది తెలీదా? అక్కడ ఉన్నవాడే కదా. మరి ఎందుకు పెట్టాడు? నాకు తోచింది చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. కార్బైన్ అందరి దగ్గరా ఉంది. టర్కీ కోళ్ళ గెడ వీళ్ళకొక్కళ్ళకే ఉండేది. ఇన్నాళ్ళు దాన్ని మోసి, తిట్టుకుని, ఎగతాళి పడి, అదేదో మా ఇంటి మొండి కర్ర అన్నట్టు తెచ్చి నిలబెట్టుకున్నారు. మా ఆవిడ ఒప్పుకోదు దీనికి. చూడ్డానికి బావుంటుందని పెట్టుంటాడు, ఆర్కిటెక్టు కదా అంటుంది. అదీ అయ్యుండొచ్చు.

మే నెలలో ఒక శనివారం నాలుగైదు కార్లలో వెళ్దామనుకుంటున్నాం, వచ్చేవాళ్ళు పులిహోర పని పంచుకుని పేర్లు ఇవ్వండి. ఊరు దాటి ఎమ్మిట్స్‌బర్గ్ రోడ్డు మీద దక్షిణంగా రండి, రోడ్డు పక్కనే ఉంటుంది, మెల్లగా నడపండి లేకపోతే దాటేస్తారు, నేను నాలుగుసార్లు దాటేశాను. ఎవరైనా ఏదైనా అడగాలంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం, అప్పుడే చల్లారిపోతోంది.